కూనో 1899: ఓడిపోయే స్తోమత ఎవరికి ఉంది?

1899 అక్టోబర్ 28న, నేటి చాద్ దేశపు దక్షిణ భాగంలో షారీ నది ఒడ్డున ఉన్న కూనో అనే ఊరి దగ్గర ఒక పగలంతా పోరు జరిగింది. ఒకవైపు ఎమిల్ జాంతి వెంట వచ్చిన ఫ్రెంచి దళం. రెండోవైపు రాబిహ్ అజ్-జుబైర్ సైన్యం. రాబిహ్ సూడాన్ నుంచి పడమటికి నడిచివచ్చి బోర్నూ రాజ్యాన్ని గెలుచుకున్నవాడు. రాబిహ్ సైనికులు ఊరి బయటి భాగాన్ని వదిలి లోపలి కోటలోకి చేరారు. ఆ కోట దడిని ఛేదించడానికి ఫ్రెంచివాళ్ళు చేసిన ప్రయత్నాలు ఫలించలేదు, చివరికి వెనక్కి తగ్గారు. కోట రాబిహ్‌కే మిగిలింది, కానీ అతను అక్కడ నిలవలేదు. కొద్దికాలానికే కూనో వదిలి తన రాజధాని దిక్వా దిక్కుకు వెళ్ళిపోయాడు. ఆ పోరులో గెలిచింది ఎవరన్న ప్రశ్నకు నూట పాతికేళ్ళుగా రకరకాల జవాబులు వచ్చాయి. చాలా పుస్తకాలు దాన్ని ఒక్క వాక్యంలో దాటించి, ఆరు నెలల తరవాత కుసేరిలో జరిగిన నిర్ణాయక యుద్ధం దగ్గరికి పరిగెత్తుతాయి. ఈ తొందరపాటు వల్ల అసలు విషయం చేజారుతోందని నా అభిప్రాయం. ఆఫ్రికాలో ఫ్రెంచి విస్తరణ ఎలా సాగిందో తెలియాలంటే వాళ్ళు గెలిచిన యుద్ధాల కంటే గెలవలేకపోయిన యుద్ధాలే ఎక్కువ చెబుతాయి. గెలవకపోయినా వాళ్ళు మళ్ళీ ఎలా రాగలిగారన్నది అక్కడే కనిపిస్తుంది.

రాబిహ్ ఎవరో ముందు చెప్పుకోవాలి. 1840ల తొలినాళ్ళలో ఖార్తూమ్ ప్రాంతంలో పుట్టాడు. బహర్ అల్-గజల్‌లో బానిసల వ్యాపారంతో ఒక రాజ్యాన్నే నిర్మించిన జుబైర్ పాషా దగ్గర సైనికుడిగా ఎదిగాడు. జుబైర్‌ను కైరోలో నిలిపివేశాక అతని కొడుకు సులేమాన్ తిరగబడ్డాడు. ఈజిప్టు ప్రభుత్వం తరఫున పనిచేస్తున్న ఇటాలియన్ అధికారి గెస్సీ 1879లో ఆ తిరుగుబాటును అణిచి సులేమాన్‌ను చంపించాడు. లొంగిపోవడం ఇష్టంలేని రాబిహ్ కొన్ని వందల మంది తుపాకీ సైనికులతో పడమటికి కదిలాడు. వాళ్ళలో అధికభాగం బాజింగర్లు, అంటే ఒకప్పుడు బానిసలుగా పట్టుబడి తుపాకీ పట్టడం నేర్చినవాళ్ళు. ఆ తరవాతి ఇరవై ఏళ్ళ ప్రయాణం ఒక సంచార రాజ్యం కథ. దారిలో ఊళ్ళను కొల్లగొట్టడం, పట్టుబడిన యువకుల్లో పనికొచ్చేవాళ్ళను సైన్యంలో చేర్చుకోవడం, మిగిలినవాళ్ళను అమ్మి తుపాకులూ మందుగుండూ కొనడం, ఇదీ దాని నడక. 1890లో దార్ అల్-కూతిలో ముహమ్మద్ అల్-సనూసిని తన సామంతుడిగా కూర్చోబెట్టాడు. తరవాత బగిర్మి మీద పడ్డాడు. 1893లో బోర్నూను గెలిచి, రాజధాని కూకవాను నేలమట్టం చేసి దిక్వాలో స్థిరపడ్డాడు. అక్కడికొచ్చాక అతను దోపిడీదారు మాత్రమే కాడు. పన్నులు, ఖజానా, జెండాల వారీగా విభజించిన సైనిక దళాలు, కోటలు ఉన్న ఒక ప్రభుత్వానికి అధిపతి. అయితే ఆ ప్రభుత్వం నిలబడింది తుపాకుల మీద. తుపాకులకు కావలసిన మందు, సీసం, తూటాలు మాత్రం అతని నేలలో పండేవి కావు.

ఫ్రెంచివాళ్ళు ఆ దిక్కుకు రావడానికి కారణం ఒక నక్షా. ఉత్తరాన అల్జీరియా, పడమట సెనెగల్, దక్షిణాన కాంగో, ఈ మూడూ అప్పటికే వాళ్ళ చేతిలో ఉన్నాయి. మూడింటినీ చాద్ సరస్సు దగ్గర కలిపితే ఆఫ్రికాలో మూడో వంతుకు దగ్గరగా ఒకే రంగు పులమవచ్చు. ఆ పని మీద కాంగో వైపు నుంచి బయలుదేరిన పోల్ క్రాంపెల్ 1891లో దార్ అల్-కూతిలో అల్-సనూసి మనుషుల చేతిలో చనిపోయాడు. అతని దగ్గరున్న తుపాకులు రాబిహ్ బలగంలో చేరాయి. ఆరేళ్ళ తరవాత జాంతి వచ్చాడు. లెయాన్ బ్లో అనే చిన్న ఆవిరి పడవను ముక్కలుగా విడదీసి, ఉబాంగి వైపు నీళ్ళ నుంచి షారీ వైపు నీళ్ళ దాకా మనుషుల నెత్తి మీద మోయించి, మళ్ళీ బిగించి, 1897 చివర్లో చాద్ సరస్సు చేరాడు. దారిలో బగిర్మి రాజు గావరంగ్‌తో రక్షణ ఒప్పందం కుదుర్చుకున్నాడు. క్రాంపెల్‌ను చంపించిన అల్-సనూసితో కూడా ఒప్పందం కుదుర్చుకున్నాడు. ఈ రెండో ఒప్పందం సంగతి మళ్ళీ వస్తుంది. ఫ్రెంచివాళ్ళ పంచన చేరినందుకు రాబిహ్ బగిర్మి మీద మళ్ళీ దాడి చేశాడు. గావరంగ్‌కు అండగా వచ్చిన నౌకాదళ అధికారి బ్రెతొనే 1899 జూలై 17న తోగ్బావో కొండల దగ్గర రాబిహ్‌ను ఎదుర్కొన్నాడు. అతని చిన్న దళం దాదాపు మొత్తంగా తుడిచిపెట్టుకుపోయింది, మూడు ఫిరంగులు రాబిహ్ పాలయ్యాయి. కూనో పోరు దానికి ప్రతీకారంగా మొదలైంది.

కూనోలో జాంతి వెంట ఉన్నది 344 మంది. సైనిక నాయకత్వం కెప్టెన్ రొబియోది. ఫ్రెంచివాళ్ళు కొద్దిమందే. తుపాకులు పట్టి నడిచింది తిరాయెర్లని పిలిచే ఆఫ్రికన్ సిపాయిలు. రాబిహ్ దగ్గర రెండున్నర వేలకు పైగా తుపాకులు, వాటికి తోడు ఈటెలూ విల్లంబులూ పట్టినవాళ్ళు వేలల్లో ఉన్నారని ఫ్రెంచి కథనాలు చెబుతాయి. ఈ సంఖ్యలను జాగ్రత్తగా పట్టుకోవాలి. అవి పోరాడిన ఒక పక్షం దూరం నుంచి వేసిన అంచనాలు, రెండో పక్షం లెక్క మన దగ్గర లేదు. శత్రువు ఎంత పెద్దగా కనిపిస్తే వెనక్కి తగ్గడానికి అంత గౌరవప్రదమైన కారణం దొరుకుతుంది. ఫ్రెంచి దళం నష్టాల లెక్క మాత్రం సొంత హాజరు పట్టీ నుంచి వచ్చింది కాబట్టి దాన్ని ఎక్కువ నమ్మవచ్చు. నలభై మందికి పైగా చనిపోయారు, నూరు మందికి పైగా గాయపడ్డారు. అంటే పోరుకు దిగిన ప్రతి అయిదుగురిలో ఇద్దరు నేలకొరిగారు. ఒక్కరోజులో అంత నష్టపోయిన దళాన్ని యూరప్‌లో ఏ సేనాపతీ మర్నాడు మళ్ళీ ముందుకు నడిపించడు. జాంతి కూడా నడిపించలేదు. గాయపడినవాళ్ళతో నది వెంట పైకి, ఫోర్ట్ అర్షాంబో దిక్కుకు మళ్ళాడు. రాబిహ్ పక్షంలో ఎంతమంది పోయారో నమ్మదగిన లెక్క లేదు, నష్టం మాత్రం భారీగానే ఉండాలి. లేకపోతే గెలిచినవాడు తన కోటను వదిలి వెళ్ళడు.

ఈ పోరును చదివిన తీరులు ప్రధానంగా మూడు. మొదటిది జాంతిది. రాబిహ్ సామ్రాజ్య పతనం మీద 1902లో అతను ప్రచురించిన పుస్తకంలోనూ, దాని బాట పట్టిన వలస చరిత్రల్లోనూ కూనో ఒక విజయం. రాబిహ్ స్థానం వదిలి పారిపోయాడు కాబట్టి మేమే గెలిచామన్నది వాదన. రెండోది తుపాకుల మీద ఆధారపడే చదువు. పందొమ్మిదో శతాబ్దపు చివరి పాతికేళ్ళలో వెనక నుంచి తూటా పెట్టే వేగవంతమైన తుపాకులూ, మర ఫిరంగులూ, ఆవిరి పడవలూ యూరప్ చేతికి రాగానే ఆఫ్రికా ఫలితం తేలిపోయింది, కూనో వంటివి మధ్యలో తగిలిన గతుకులు మాత్రమే అని ఇది చెబుతుంది. సాంకేతికత సామ్రాజ్యాల పనిముట్టు ఎలా అయిందో వివరించిన డేనియల్ హెడ్రిక్ 1981 పుస్తకం ఈ ఆలోచనకు బలమైన రూపం ఇచ్చింది. మూడోది ఆఫ్రికా దేశాలకు స్వాతంత్ర్యం వచ్చాక బలపడిన ప్రతిఘటన చదువు. దీనికి కూనో ఒక ఆఫ్రికన్ నాయకుడు యూరప్ సైన్యాన్ని నిలవరించిన రోజు. మూడింటిలోనూ కొంత నిజం ఉంది. అయితే మూడూ ఆ ఒక్క పగలు జరిగినదాన్నే చూస్తున్నాయి. నా వాదన వేరు. కూనోలో తేలనిది పోరు ఒక్కటే. ఓడిపోయి కూడా మళ్ళీ నిలబడగల స్తోమత ఎవరికి ఉంది, ఆ స్తోమత ఎవరి కష్టం మీద వచ్చింది అన్న రెండు విషయాలు అప్పటికే తేలిపోయి ఉన్నాయి.

జాంతి వాదన నిలవదని చెప్పడానికి పెద్ద తర్కం అక్కర్లేదు. స్థానం వదిలినవాడు ఓడినట్టయితే, ముందు వదిలింది జాంతియే. సాంకేతికత వాదనకు మాత్రం కొంచెం నిలకడగా జవాబు చెప్పాలి. ఫిరంగులే ఫలితాన్ని నిర్ణయిస్తే తోగ్బావోలో బ్రెతొనే ఎలా చనిపోయాడు? అతని దగ్గరా ఫిరంగులు ఉన్నాయి. అవి అతన్ని కాపాడలేదు సరికదా శత్రువు చేతికి వెళ్ళాయి. కూనోలో ఫ్రెంచి ఫిరంగులు దడిని కూల్చి దారి ఇవ్వలేకపోయాయి. కొయ్య దుంగలూ మట్టీ కలిపి కట్టిన దడి వెనక నుంచి, దగ్గరికొచ్చేదాకా ఓపిక పట్టి కాల్చేవాళ్ళ ముందు దూరం నుంచి గురిపెట్టే తుపాకీ ఆధిక్యం చాలావరకు కరిగిపోతుంది. తుపాకీ నాణ్యతలో తేడా ఉన్నమాట నిజమే. కానీ ఒక రోజు పోరులో ఆ తేడాను సంఖ్యాబలంతో, కోటతో, అనుభవంతో పూడ్చుకోవచ్చని రాబిహ్ రెండుసార్లు నిరూపించాడు. అతను పూడ్చుకోలేనిది ఇంకొకటి ఉంది. 1890 నాటి బ్రస్సెల్స్ ఒప్పందంలో యూరప్ రాజ్యాలు 20 డిగ్రీల ఉత్తర అక్షాంశానికీ 22 డిగ్రీల దక్షిణ అక్షాంశానికీ మధ్యనున్న ఆఫ్రికాలోకి ఆధునిక తుపాకుల దిగుమతిని అడ్డుకోవాలని నిర్ణయించాయి. బానిసల వ్యాపారాన్ని అరికట్టే ఒప్పందంలో భాగంగా వచ్చిన నిషేధం అది. కూనో, దిక్వా, బోర్నూ అన్నీ ఆ రేఖల మధ్యలోవే. నైజర్ నది వైపు బ్రిటిష్ కంపెనీ కాపలా ఉంది. కాంగో వైపు ఫ్రెంచివాళ్ళే ఉన్నారు. ఉత్తరాన ఎడారి దాటి ట్రిపోలీకి పోయే దారి పొడుగైనది, పైగా తూర్పున ఉన్న వదాయి అతనికి మిత్రరాజ్యం కాదు. కూనోలో రాబిహ్ కాల్చిన ప్రతి తూటా అతని పెట్టెలో తరిగిపోయేదే. జాంతి కాల్చిన తూటాకు బదులు ఇంకొకటి ఆలస్యంగానైనా వస్తుంది.

కూనోకు ముందు ఫ్రెంచి వైఫల్యాలను వరుసగా పెట్టి చూస్తే ఈ సంగతి ఇంకా స్పష్టమవుతుంది. 1891లో క్రాంపెల్ పోయాడు. 1899 జూలైలో బ్రెతొనే పోయాడు. ఆ నెలలోనే మరో దిక్కున ఇంకా ఘోరం జరిగింది. సెనెగల్ నుంచి చాద్‌కు బయలుదేరిన వూలే, షన్వాన్‌ల దళం దారిపొడుగునా ఊళ్ళు తగలబెట్టింది. మే నెలలో బిర్ని న్‌కోని అనే ఊళ్ళో సామూహికంగా జనాన్ని చంపింది. ఆ దురాగతాల సంగతి పారిస్ చేరాక, దళాన్ని తన చేతిలోకి తీసుకొమ్మని కర్నల్ క్లోబ్‌ను పంపారు. జూలై 14న, ఫ్రెంచివాళ్ళు తమ విప్లవాన్ని పండగ చేసుకునే రోజునే, వూలే తన సిపాయిల చేత క్లోబ్‌ను కాల్చి చంపించాడు. రెండు మూడు రోజుల్లో ఆ సిపాయిలే వూలేనూ షన్వాన్‌నూ చంపారు. అంటే తోగ్బావోలో బ్రెతొనే దళం నాశనమవుతున్న రోజుల్లోనే, దానికి తోడు కావలసిన దళం తన నాయకులను తానే చంపుకుంటోంది. ఏ చిన్న రాజ్యమైనా ఈ దెబ్బతో కూలిపోయేది. ఫ్రెంచివాళ్ళు మాత్రం మిగిలిన దళాన్ని జొవాలాన్, మేనియే అనే ఇద్దరు కుర్ర అధికారులకు అప్పగించి ముందుకు నడిపారు. అల్జీరియా నుంచి 1898 అక్టోబర్‌లో బయలుదేరిన ఫూరో, లామీల దళం ఎడారి దాటి, కూనో పోరు జరిగిన కొద్ది రోజులకే జిందర్ చేరింది. కాంగో వైపు నుంచి గాయాలు మాన్చుకున్న జాంతి మళ్ళీ దిగాడు. మూడు దళాలూ 1900 ఏప్రిల్‌లో షారీ, లొగోన్ నదులు కలిసే చోట కుసేరి దగ్గర కలుసుకున్నాయి.

ఏప్రిల్ 22న కుసేరిలో జరిగింది కూనోకు సరిగ్గా తలకిందులు. ఈసారి ఫ్రెంచి పక్షంలో సుమారు 700 మంది సిపాయిలు, వాళ్ళకు తోడు గావరంగ్ పంపిన బగిర్మి బలగం. రాబిహ్ కోట కూలింది. ఫ్రెంచి దళంలో 28 మంది చనిపోయారు, 75 మంది గాయపడ్డారు. చనిపోయినవాళ్ళలో సేనాపతి లామీ ఒకడు. రాబిహ్ పారిపోతూ ఒక తిరాయెర్ చేతిలో చనిపోయాడు, అతని తల నరికి శిబిరానికి తెచ్చారు. కొద్ది వారాల్లోనే నదికి ఆవలి గట్టున ఫోర్ట్ లామీ వెలిసింది. 1973 నుంచి న్‌జమేనా అని పిలుస్తున్న చాద్ రాజధాని అదే. రాబిహ్ కొడుకు ఫదలల్లా తండ్రి బలగంలో మిగిలినదాన్ని కూడగట్టుకుని ఇంకో ఏడాదికి పైగా పోరాడి, 1901 ఆగస్టులో గుజ్బా దగ్గర చనిపోయాడు.

ఇక్కడ ఒక బలమైన అభ్యంతరం రావచ్చు. ఎలాగూ కుసేరిలో తేలిపోయింది కదా, కూనోకు ఇంత ప్రాధాన్యం ఎందుకు? కూనో జరగకపోయినా మూడు దళాలు కలిసేవి, రాబిహ్ ఓడేవాడు. ఈ మాటను నేను పూర్తిగా కాదనలేను. కానీ అది జరిగిన ఫలితం దగ్గర నిలబడి వెనక్కి చూసే మాట. ఆనాటి రాబిహ్ వైపు నుంచి చూడండి. తోగ్బావోలో ఒక దళాన్ని తుడిచిపెట్టాడు, కూనోలో ఇంకో దళాన్ని తిప్పికొట్టాడు. 1880ల ఆఫ్రికాలో ఇంతటి ఫలితాలు ఒక నాయకుడికి కొన్నేళ్ళ ఊపిరి ఇచ్చేవి. పడమటి ఆఫ్రికాలో సమోరి తూరే చూడండి. బమాకో దగ్గర వోయోవాయాంకో వాగు ఒడ్డున ఫ్రెంచివాళ్ళతో తేలని పోరు చేసిన తరవాత కూడా 1898 సెప్టెంబర్ దాకా నిలిచాడు. తన కమ్మరుల చేత ఫ్రెంచి తుపాకులకు నకళ్ళు చేయించుకున్నాడు. బ్రిటిష్‌వాళ్ళు ఆపేదాకా ఫ్రీటౌన్ వైపు నుంచి ఆయుధాలు కొన్నాడు. నిలవలేనప్పుడు జనంతో సహా తూర్పుకు తరలిపోయాడు. అతని దగ్గర ఓటమిని భరించే స్తోమత కొంత ఉంది, అది అయిపోవడానికి పదహారేళ్ళు పట్టింది. రాబిహ్‌కు ఆరు నెలలు సరిపోయింది. ఇద్దరి మధ్య తేడా శౌర్యంలో లేదు. ఒకరికి తుపాకులు కొనే బజారు, తుపాకులు చేసే కొలిమి, వెనక్కి జరగడానికి చోటు ఉన్నాయి. రెండోవాడి చుట్టూ ఉన్నవి మూసిన దారులు. కూనో అతని అనుభవజ్ఞులైన సైనికులనూ తూటాలనూ మింగింది. అవి తిరిగి రాలేదు కాబట్టి కుసేరిలో ఎదురైన రాబిహ్ కూనో నాటి రాబిహ్ కాడు.

ఇంకొంచెం వెనక్కి, 1857కు వెళ్తే ఇదే తర్కం మరో రూపంలో కనిపిస్తుంది. సెనెగల్ నది మీద మెదీన్ కోటను అల్-హాజ్ ఉమర్ సైన్యం ఏప్రిల్ నుంచి మూడు నెలలు ముట్టడించింది. లోపల తిండీ మందుగుండూ అయిపోవచ్చాయి. ఫ్రెంచి గవర్నర్ ఫెయిదెర్బ్ ఆవిరి పడవలు రావడానికి ఉన్న అడ్డంకి సైన్యం లేకపోవడం కాదు, నదిలో నీళ్ళు చాలకపోవడం. వానలు పడి నది పెరిగాక జూలై 18న అతను వచ్చి ముట్టడిని విడిపించాడు. ఉమర్ నశించలేదు. తూర్పుకు మళ్ళి 1861లో సెగూను గెలిచాడు. ఎటూ పూర్తిగా తేలని ఫలితమే అది. కానీ మెదీన్‌లో ఫ్రెంచివాళ్ళకు కావలసింది వానాకాలం దాకా బతికి ఉండటం ఒక్కటే. ఉమర్‌కు మాత్రం వానలకు ముందే గెలవడం తప్పనిసరి. కాలం ఎవరి పక్షాన నడుస్తోందన్నది పోరు మొదలవకముందే నిర్ణయమైపోయింది.

రెండో అభ్యంతరం నా వాదనకు ఎక్కువ ఇబ్బంది కలిగించేది. సామ్రాజ్యాలకు ఓడిపోయే స్తోమత ఎప్పుడూ ఉండేదా? 1896లో ఇటలీ ఒక్క అద్వా యుద్ధంలో ఇథియోపియా చేతిలో ఓడింది. ప్రధాని క్రిస్పి దిగిపోయాడు, ఇటలీ వెనక్కి తగ్గింది. 1885లో వియత్నాంలో లాంగ్ సోన్ నుంచి సైన్యం వెనక్కి తగ్గిందన్న వార్తకే పారిస్‌లో జూల్ ఫెరీ ప్రభుత్వం కూలింది. మరి తోగ్బావో, వూలే, కూనో మూడు దెబ్బలు నాలుగు నెలల్లో తగిలినా పారిస్‌లో ఏ మంత్రివర్గమూ ఎందుకు పడిపోలేదు? ఇథియోపియా విషయంలో జవాబు కొంతవరకు ముందు చెప్పిందే. మెనెలిక్ సముద్రపు రేవుల గుండా ఆధునిక తుపాకులు భారీగా దిగుమతి చేసుకోగలిగిన రాజు, పెద్ద రాజ్యానికి అధిపతి. అతన్ని మళ్ళీ ఓడించాలంటే ఇటలీ కొత్తగా ఒక మహాసైన్యాన్ని పంపాలి. కానీ అసలు జవాబు చనిపోయినవాళ్ళు ఎవరన్న దానిలో ఉంది. అద్వాలో వేల మంది ఇటలీ యువకులు చనిపోయారు. వాళ్ళ తల్లులు ఇటలీ వీధుల్లో ఉన్నారు. కూనోలో చనిపోయినవాళ్ళు దాదాపు అందరూ తిరాయెర్లు. వాళ్ళ తల్లులు సెనెగల్, ఫ్రెంచి సూడాన్ పల్లెల్లో ఉన్నారు. పారిస్ పార్లమెంటులో వాళ్ళ తరఫున అడిగేవాళ్ళు లేరు. వార్త పారిస్ చేరడానికే నెలలు పట్టేది. ఆ ఏడాది ఆగస్టు, సెప్టెంబర్ నెలల్లో ఫ్రాన్స్ మొత్తం రెన్ పట్టణంలో జరుగుతున్న డ్రెఫ్యూస్ విచారణ మీద కళ్ళు పెట్టుకుని ఉంది. వూలే దుర్మార్గం కొంత కలకలం రేపిందంటే, అందులో చంపబడినవాడు ఒక ఫ్రెంచి కర్నల్ కావడం ప్రధాన కారణం. కాబట్టి ఓడిపోయే స్తోమత సామ్రాజ్యానికి సహజంగా వచ్చిన గుణం కాదు. తన రక్తం కాకుండా ఇతరుల రక్తం ఖర్చు పెట్టగలిగినప్పుడు వచ్చేది.

మూడో అభ్యంతరం నైతికమైనది, దాన్ని తప్పించుకోకూడదు. రాబిహ్ వేల మందిని బానిసలుగా పట్టినవాడు. బగిర్మిని, కూకవాను బూడిద చేసినవాడు. తన చెరలో ఉన్న ఫ్రెంచి వర్తకుడు బెహాగ్ల్‌ను 1899లో దిక్వాలో ఉరి తీయించినవాడు. అతని ఓటమిని ఆఫ్రికా ప్రతిఘటన ఓటమిగా చూడడం న్యాయమా? న్యాయం కాదనే నా అభిప్రాయం కూడా. ప్రతిఘటన చదువు ఇక్కడే తడబడుతుంది. చుట్టూ ఉన్న జనాలకు రాబిహ్ కూడా దాడి చేసి వచ్చిన పరాయివాడే. గావరంగ్ ఫ్రెంచివాళ్ళ పంచకు వెళ్ళడానికి కారణం ఫ్రెంచి ప్రేమ కాదు, రాబిహ్ భయం. ఉస్మాన్ దాన్ ఫోదియో వంశంలో పుట్టి, మహదీ పేర చుట్టుపక్కల జనంలో పలుకుబడి ఉన్న హయాతు అనే నాయకుడు రాబిహ్‌కు అల్లుడూ మిత్రుడూ. అతను కూడా విడిపోబోయి 1898లో ఫదలల్లా చేతిలో చనిపోయాడు. ఒక పరాజయం తరవాత ఆశ్రయం ఇచ్చే పొరుగువాణ్ణి రాబిహ్ మిగుల్చుకోలేదు. అతనికి స్తోమత లేకపోవడానికి బ్రస్సెల్స్ ఒప్పందం ఎంత కారణమో అతని సొంత పాలన అంత కారణం. కానీ దీని నుంచి ఫ్రెంచివాళ్ళు బానిసలను విడిపించడానికి వచ్చారన్న మాట పుట్టదు. 1897లో వాళ్ళు చేతులు కలిపిన అల్-సనూసి ఆ తరవాత పదమూడేళ్ళ పాటు ఫ్రెంచి రక్షణ ఒప్పందం నీడలోనే బానిసల వేట సాగించాడు. క్రాంపెల్ హత్య కూడా దానికి అడ్డం రాలేదు. 1911 జనవరిలో ఎన్‌దెలేలో ఫ్రెంచివాళ్ళు అతన్ని చంపేదాకా అది ఆగలేదు. రాబిహ్ మీదకు వెళ్ళింది బానిసల కోసమైతే, అల్-సనూసిని అన్నేళ్ళు వదిలిపెట్టడానికి కారణం దొరకదు. రాబిహ్ దారికి అడ్డంగా ఉన్నాడు, అల్-సనూసి లేడు. అంతకు మించిన తేడా ఫ్రెంచి ప్రవర్తనలో నాకు కనిపించలేదు.

మరో చిన్న విషయం. కుసేరి, దిక్వా రెండూ 1893, 1894 ఒప్పందాల ప్రకారం కాగితం మీద జర్మనీ వాటాలో ఉన్నాయి. ఫ్రెంచివాళ్ళు రాబిహ్‌ను చంపింది పొరుగు సామ్రాజ్యం తనదని చెప్పుకున్న నేల మీద. తూర్పున ఫషోదా గొడవ తరవాత 1899 మార్చిలో బ్రిటన్, ఫ్రాన్స్ కూడా సరిహద్దు గీసుకున్నాయి. కూనోలో తూటాలు పేలేనాటికి ఆ ప్రాంతాన్ని ఎవరు పాలించాలో యూరప్‌లో పంచుకోవడం అయిపోయింది. గెలుపోటములతో ఆ గీతలు చెరగవు. తేలకపోవడానికి అవకాశం ఉన్న ప్రశ్న రాబిహ్ ఇంకెన్నాళ్ళు అడ్డుపడతాడన్నది మాత్రమే.

ఇప్పుడు స్తోమతకు వెల ఎవరు కట్టారన్న దాని దగ్గరికి రావాలి, ఎందుకంటే కూనో చరిత్రల్లో దాదాపు ఎక్కడా కనిపించనిది అదే. ఉబాంగి నది నుంచి గ్రిబింగి నది దాకా ఆవిరి పడవ పోదు, బండి దారి లేదు. తూటాల పెట్టెలు, ధాన్యం, మందులు, పడవ ముక్కలు అన్నీ మనుషుల నెత్తి మీద వెళ్ళాలి. ఆ దారి మాంజియా జనం నేల మీదుగా పోతుంది. జాంతి ఓడి మళ్ళీ లేచినప్పుడు, కుసేరి తరవాత చాద్‌లో స్థిరపడిన సైన్యానికి ఏటా సరుకు పంపినప్పుడు, దాన్ని మోసింది మాంజియాలే. అది కూలి పని కాదు, వెట్టి. మోయడానికి మగవాళ్ళు రాకపోతే ఆడవాళ్ళనూ పిల్లలనూ బందీలుగా పట్టి ఉంచేవాళ్ళు. పొలాలు బీడుపడ్డాయి. జనం అడవుల్లోకి పారిపోయారు, తరవాత తిరగబడ్డారు. 1903 జూలై 14న ఫోర్ట్ క్రాంపెల్‌లో గో, తొకే అనే అధికారులు పక్పా అనే బందీ శరీరానికి డైనమైట్ కట్టి పేల్చి చంపించారన్న ఆరోపణ బయటపడినప్పుడే ఫ్రాన్స్ ఆ దారి వైపు చూసింది. 1905లో బ్రాజావిల్‌లో జరిగిన విచారణలో ఇద్దరికీ అయిదేళ్ళ చొప్పున శిక్ష పడింది. తొకే తన సమర్థనలో చెప్పిన మాటల సారాంశం ఒకటే. చాద్‌కు సరుకు పంపాలన్న ఆజ్ఞ పైనుంచి వచ్చింది, మనుషులను పట్టకుండా అది సాధ్యం కాదు. దాన్ని నేరానికి సాకుగా నేను అంగీకరించను. కానీ సాక్ష్యంగా అది చాలా విలువైనది, ఎందుకంటే ఒక సైన్యం మళ్ళీ మళ్ళీ నిలబడే శక్తి ఏ పెట్టెలోంచి వచ్చిందో అది చూపిస్తుంది.

ఆ డైనమైట్ ఆరోపణ రేపిన కలకలంతో కాంగో పరిస్థితిని పరిశీలించడానికి పాత అన్వేషకుడు బ్రాజాను ప్రభుత్వం పంపింది. అప్పటికి ఫ్రెంచి కాంగోకు ముఖ్య పాలకుడు ఎమిల్ జాంతి, అంటే కూనో నుంచి గాయపడినవాళ్ళతో వెనక్కి తిరిగిన జాంతియే. వెట్టి మోతలనూ, బందీల శిబిరాలనూ, కంపెనీల దౌర్జన్యాలనూ బ్రాజా బృందం నమోదు చేసింది. బ్రాజా ఇంటికి చేరలేదు, 1905 సెప్టెంబర్‌లో దారిలో డాకర్‌లో చనిపోయాడు. అతని కాగితాల ఆధారంగా తయారైన నివేదికను మంత్రిత్వ శాఖ కొద్ది ప్రతులు మాత్రమే అచ్చు వేయించి దాచిపెట్టింది. పారిస్ పాఠకుల చేతికి అది పుస్తకంగా వచ్చింది 2014లో. అప్పటికి కూనో పోరు గురించి నూట పదిహేనేళ్ళుగా రాస్తూనే ఉన్నారు. సైన్యాధికారుల జ్ఞాపకాలు, జీవిత చరిత్రలు, యుద్ధ పటాలు అన్నీ వచ్చాయి. వాటిలో చాలావాటికి జాంతి దళం గ్రిబింగి దగ్గర మొదలవుతుంది. ఉబాంగి నుంచి గ్రిబింగి దాకా ఆ బరువులు ఎవరి నెత్తి మీద వచ్చాయో చెప్పే పేజీలు వాటిలో లేవు.